సముద్రగాలి, పాత ఫ్లాటు

ప్రశ్న: విశాఖ బీచ్‌కి దగ్గర్లో 15 ఏళ్ల నాటి జీ ప్లస్ 3 అపార్ట్‌మెంట్లో ఫ్లాటు చూశాం. కొత్తగా రంగులేశారు. కొనేముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ఆ కొత్త రంగునే ముందు అనుమానించండి. ఉప్పుగాలిలోని క్లోరైడ్ కాంక్రీటులోకి దిగి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి పైనున్న కాంక్రీటును పగలగొడుతుంది. అందుకే ఇంటి లోపలికంటే బాల్కనీ స్లాబు అడుగున, సన్‌షేడ్ల కింద, సెల్లారు స్తంభాల మీద చూడండి. చువ్వ పొడవునా పగుళ్లు, గోధుమరంగు మరకలు ఉన్నాయా? చిన్న సుత్తితో తట్టితే డొల్ల శబ్దం వస్తే లోపల కాంక్రీటు ఊడినట్టే. పైన సిమెంటు పూయడం మరమ్మతు కాదు. చువ్వ వెనకదాకా చెక్కి, తుప్పు వదిలించి, తుప్పు నిరోధక పూత వేసి, మరమ్మతుల కోసమే తయారైన గారతో (రిపేర్ మోర్టార్) నింపాలి. ఆ ఖర్చు అందరిదీ కాబట్టి, ఫ్లాటు యజమానుల సంఘం ఖాతాలో నిధి ఎంతుందో అడగండి.

పై అంతస్తయితే స్లాబు కారుతుందేమో వానాకాలంలో ఒకసారి చూడటం మేలు.

కాగితాల్లో ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఆమోదించిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి పత్రం) సరే, దస్తావేజులో మీకొచ్చే అవిభాజ్య స్థలం (భవనం ఉన్న నేలలో మీ వాటా) ఎన్ని గజాలో తప్పక చదవండి. రేపు భవనం పడగొట్టి కట్టాల్సివస్తే లెక్కకొచ్చేది అదే. డాబా మీద ప్లానులో లేని పెంట్‌హౌస్ ఉంటే బేరం ఆపి, లాయరుకు చూపించండి.