డీఎన్ఏను కత్తిరించే ఎంజైముల పరిశోధనలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ ల్యాబ్‌లో ఎంజైముతో డీఎన్ఏను ముక్కలు చేసే ప్రయోగం చేసినప్పటి నుంచి, బ్యాక్టీరియాలో అలాంటి కొత్త ఎంజైములను వెతికే పనే చేస్తానంటోంది. దానితో బతుకుతెరువు ఉంటుందా? బీఈడీ చేయించడం మేలంటారా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: మీ అమ్మాయికి నచ్చిన పని ఏమిటో ముందు మీకు తెలియాలి. బ్యాక్టీరియా మీద ఫేజ్ అనే వైరస్‌లు దాడి చేస్తుంటాయి. లోపలికి చొరబడిన వైరస్ డీఎన్ఏను బ్యాక్టీరియా రెస్ట్రిక్షన్ ఎంజైములనే కొన్ని ఎంజైములతో తెగ్గొడుతుంది. తన డీఎన్ఏ మీద మాత్రం ముందే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పెట్టుకుని కాపాడుకుంటుంది. 1960లలో వెర్నర్ ఆర్బర్ ఈ సంగతి తేల్చారు. 1970లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో హామిల్టన్ స్మిత్, కెంట్ విల్‌కాక్స్ అలాంటి ఎంజైమును హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బ్యాక్టీరియా నుంచి వేరు చేశారు. వారు వాడిన పరికరం ద్రవం చిక్కదనాన్ని కొలిచే సాధారణ విస్కోమీటర్. ఆ బ్యాక్టీరియా సారంలో దాని సొంత డీఎన్ఏ చిక్కదనం తగ్గలేదు, ఫేజ్ డీఎన్ఏ చిక్కదనం పడిపోయింది. అంటే పరాయి డీఎన్ఏ తెగుతోందన్నమాట. మరుసటి ఏడాది డేనియల్ నాథన్స్, కేథ్లీన్ డానా ఆ ఎంజైముతో ఒక వైరస్ డీఎన్ఏను 11 ముక్కలు చేసి చూపారు. ఆర్బర్, స్మిత్, నాథన్స్‌లకు 1978లో నోబెల్ వచ్చింది. జన్యు ఇంజనీరింగ్ ఈ ఎంజైముల మీదే నిలబడింది.

ఇక మీ ప్రశ్న. కొత్త రెస్ట్రిక్షన్ ఎంజైములను కనిపెట్టడమే ఉద్యోగంగా ఉన్న చోట్లు చాలా తక్కువ. ఇప్పటికే వేల సంఖ్యలో తెలుసు. కొత్తగా దొరికేవాటిలో ఎక్కువ భాగం, తెలిసిన ఎంజైములు గుర్తించే డీఎన్ఏ అక్షరాల వరుసనే గుర్తిస్తాయి. వెతికే తీరు కూడా మారింది. మిథైల్ గుర్తు పెట్టే ఎంజైముల జన్యువుల్లో పోలికలు స్పష్టంగా ఉంటాయి, కత్తిరించే ఎంజైముల జన్యువుల్లో అంతగా ఉండవు. కాబట్టి జీనోమ్ సమాచారంలో మొదటి రకాన్ని పట్టుకుని, దాని పక్కనున్న జన్యువును పరిశీలిస్తారు. ఈ పనికి కంప్యూటర్ తప్పనిసరి.

అయినా నేను వద్దనను. దొరికిన ఎంజైమును శుద్ధి చేయడం, అది ఏ వరుసను గుర్తిస్తుందో, ఎక్కడ కోస్తుందో, ఎంత ఉష్ణోగ్రత, ఎంత ఉప్పు, ఎంత మెగ్నీషియం కావాలో తేల్చడం అసలు విద్య. ఆ విద్య వచ్చినవారు రోగ నిర్ధారణ కిట్ల కంపెనీల్లో, టీకా సంస్థల్లో, ఎంజైముల తయారీలో పనికొస్తారు. అలాంటి సంస్థలున్న హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ మీకు మరీ దూరం కాదు. పరిశోధనలోనూ ఈ రంగం మన దేశంలో సజీవంగా ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో వి.నాగరాజ కేపీఎన్-1 అనే రెస్ట్రిక్షన్ ఎంజైము మీద, దేశిరాజు ఎన్.రావు ఈ ఎంజైముల్లో మూడో రకంగా వర్గీకరించిన వాటి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పుణెలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో కె.సాయికృష్ణన్ బృందం ఇలాంటి ఎంజైముల నిర్మాణాన్ని పరిశోధించింది. వారి పరిశోధన పత్రాలు ఒకటి రెండు చదవమనండి. సగమే అర్థమైనా పరవాలేదు.

దారి పొడవైనదని మాత్రం ముందే తెలుసుకోండి. బీఎస్సీతో ఆగితే ఎక్కువగా దొరికేవి నాణ్యత పరీక్షల ఉద్యోగాలే. పేరున్న సంస్థల్లో రెండేళ్ల ఎమ్మెస్సీకి జామ్, గ్యాట్-బి వంటి జాతీయ ప్రవేశ పరీక్షలు రాయాలి. ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా జామ్ ద్వారా వెళ్లవచ్చు. తరువాత సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి వస్తే నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీకి అయిదేళ్లు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఆ సంవత్సరాల్లో ఇంట్లో పెళ్లి మాట వస్తుంది. చదువు సగంలో ఆపించబోమని మీ దంపతులు ఇప్పుడే ఆమెకు మాటివ్వండి. ఆమెకు మార్కులకన్నా ఆ భరోసా ముఖ్యం. బీఈడీ ఎమ్మెస్సీ తరువాతైనా చేయవచ్చు. భయంతో ఇప్పుడే అటు మళ్లించకండి.

ఈ ఏడాది రెండు పనులు మొదలుపెట్టించండి. ఒకటి, జీవరసాయన శాస్త్రాన్ని గట్టిగా చదవడం, పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోవడం. రెండోది, మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు. ప్రకటన సాధారణంగా శీతాకాలం మొదట్లో వస్తుంది.

మూడో సంవత్సరం ప్రాజెక్టుకు ఆమె కోరిక తీరే పని ఒకటి ఉంది. చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల భాండాగారం నుంచి హాని చేయని బాసిల్లస్ రకాలు తెప్పించుకుని, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పెంచి, కణాలను పగలగొట్టి, ఆ సారాన్ని లాంబ్డా ఫేజ్ డీఎన్ఏతో కలిపి డీఎన్ఏ ముక్కలను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద నడపాలి. ఈకో-ఆర్-1 ఎంజైము ఆ డీఎన్ఏను ఆరు ముక్కలు చేస్తుంది కాబట్టి, పక్క గాడిలో దాన్ని పోలికకు ఉంచాలి. స్పష్టమైన గీతలు వస్తే ఒక నిర్దిష్ట ఎంజైము ఉన్నట్టు. గీతలు లేకుండా మసకగా జారితే, డీఎన్ఏను ఎక్కడ పడితే అక్కడ తినేసే మామూలు న్యూక్లియేజులు కలిసినట్టు. అప్పుడు సారంలోని ప్రొటీన్లను వేరు చేసే గొట్టం, అంటే కాలమ్‌తో సారాన్ని శుద్ధి చేసి మళ్లీ చూడాలి. మొదట మసకే ఎక్కువగా వస్తుంది. అది చూసి ఆమె కాలమ్ కావాలని అడిగితే, జామ్ దరఖాస్తు నింపించండి.