మీ ప్రశ్నలు – మా జవాబులు: జవాను కుటుంబానికి వచ్చే డబ్బు

ప్రశ్న: మా అల్లుడు హవల్దారు. కశ్మీర్‌లో ఉగ్రవాదులతో ఎదురుకాల్పుల్లో పోయాడు. కేంద్రం ఎక్స్‌గ్రేషియా 35 లక్షలు పడింది. ఊళ్లో అందరూ 45 రావాలంటున్నారు. మాకు తగ్గించారా? – ఉదయగిరి

జవాబు: తగ్గించలేదండీ. యుద్ధంలో గానీ, యుద్ధంతో సమానమని రక్షణ శాఖ ప్రత్యేకంగా ప్రకటించిన పోరులో గానీ శత్రువు చేతిలో చనిపోతేనే 45 లక్షలు. ఉగ్రవాదులతో పోరు, సరిహద్దు కాల్పులు, ఎత్తైన మంచు ప్రాంతాల్లో డ్యూటీ మరణాలకు 35. డ్యూటీలో మామూలు ప్రమాదమైతే 25. 2016 జనవరి 1 నుంచి ఇవే లెక్కలు.

మీరు అసలు చూడాల్సింది పీపీఓ, అంటే పింఛను మంజూరు ఉత్తర్వు. అందులో పింఛను రకం ఏమని రాశారు? మీ అల్లుడిలాంటి వారికి ‘లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్’ రావాలి. అంటే పింఛనుకు లెక్కగట్టే ఆఖరి జీతం మొత్తం వస్తుంది. ‘స్పెషల్’ అని ఉంటే 60 శాతమే. ‘ఆర్డినరీ’ అయితే మొదటి పదేళ్లు 50, తర్వాత 30. ఒక్క మాట తప్పుపడితే నష్టం నెలనెలా, ఏళ్ల తరబడి. తేడా కనిపిస్తే పోరులోనే చనిపోయారని యూనిట్ ఇచ్చిన ‘బ్యాటిల్ క్యాజువాలిటీ’ కాగితం జతచేసి, నెల్లూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు అర్జీ పంపించండి. ఆపరేషన్‌లో పోయినవారి కుటుంబ పింఛనుకు ఆదాయపు పన్ను లేదు, ఆ సంగతీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: పెళ్లికి ముందే మా అబ్బాయి ఇన్సూరెన్సుకు నన్ను నామినీగా రాశాడు. ఇప్పుడు పింఛను కోడలికి వస్తోంది. నామినీని నేనే కదా? – కొండపి

జవాబు: ఆ నామినేషన్ ఇన్సూరెన్సుకే అమ్మా. పింఛను నిబంధన ప్రకారం ముందు భార్యకే. అయితే కొడుకు మీదే ఆధారపడిన తల్లిదండ్రులను కోడలు చూడకపోతే స్పెషల్, లిబరలైజ్డ్ పింఛన్లను పంచే వీలుంది. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రంతో ఒంగోలు సైనిక సంక్షేమ కార్యాలయంలో అర్జీ పెట్టండి. దానికి ముందు పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోవడమే నయం. చిన్న పిల్లలున్న ఇంట్లో ఇలాంటి తగాదా తొందరగా తెగదు. పెళ్లికాని జవాను అయితే లిబరలైజ్డ్ పింఛనులో తల్లిదండ్రులిద్దరికీ కలిపి 75 శాతం, ఒక్కరే ఉంటే 60 శాతం వస్తుంది.

ప్రశ్న: నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ వేయించాను. అయినా పింఛను ఆగింది. – కావలి

జవాబు: ఆన్‌లైన్‌లో లైఫ్ సర్టిఫికెట్ వేసే ‘జీవన్ ప్రమాణ్’లో మీ బ్యాంకు పేరు నొక్కి ఉంటారు. మీ పింఛను రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛను వ్యవస్థ ‘స్పర్శ్’కు మారి ఉంటే, మంజూరు చేసేవారు ‘డిఫెన్స్ – పీసీడీఏ(పి) అలహాబాద్’, చెల్లించేవారు ‘స్పర్శ్ – పీసీడీఏ(పెన్షన్స్) అలహాబాద్’ అని ఎంచుకోవాలి. పింఛను రకం దగ్గర ‘ఫ్యామిలీ’ పెట్టాలి. పాత పీపీఓ నంబరు కాదు, స్పర్శ్ ఇచ్చిన 12 అంకెల నంబరే వేయాలి. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పీపీఓలో అత్తింటి ఇంటిపేరు ఉన్నా పని ఆగుతుంది. అలాంటప్పుడు ముందు పేరు సరిచేయించుకుని, ఆ తర్వాతే మళ్లీ వేలిముద్ర వేయండి.