విదేశీ సెమిస్టర్ నుంచి తిరిగొచ్చాక: మీ ప్రశ్నలు, మా జవాబులు

శీతాకాలపు సెమిస్టర్ కోసం జర్మనీ వెళ్లి ఫిబ్రవరి, మార్చి నెలల్లో తిరిగొచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు రాసిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. వెళ్లేటప్పుడు వీసా, స్వెటర్లు, పచ్చళ్లు అంటూ నెలల ముందు నుంచి హడావుడి పడే ఇళ్లలో, తిరిగి రావడానికి సిద్ధపడేవాళ్లు దాదాపు కనిపించరు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

ప్రశ్న: మా అబ్బాయి వచ్చి మూడు వారాలైంది. తెల్లవారుజామున మూడింటిదాకా మెలకువగా ఉంటాడు, మధ్యాహ్నం లేస్తాడు. అడిగితే జెట్ లాగ్ అంటాడు. ఇన్నాళ్లు ఉంటుందా? పైగా ఇంట్లో ఏం తిన్నా కడుపు పాడవుతోంది. (ఒక తల్లి, గుంటూరు)

మూడు వారాలు ఉండదమ్మా. చలికాలంలో జర్మనీకీ మనకూ తేడా నాలుగున్నర గంటలు. శరీరంలోని గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుంది. అంటే ఐదారు రోజుల్లో దారికి రావాలి. ఆ తర్వాత కూడా మూడింటిదాకా మేలుకుంటున్నాడంటే కారణం వేరే ఉంది. అక్కడి స్నేహితులు చదువు, వంట ముగించుకుని రాత్రి ఎనిమిదింటికి తీరిక చేసుకుంటే, మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. అబ్బాయి ఇంకా ఆ దేశపు సాయంత్రాల్లోనే ఉన్నాడు. ఫోన్ లాక్కోకండి. ఆ స్నేహాలు ఇప్పుడు అతనికి చాలా అవసరం. మాటల్ని శని, ఆదివారాలకు మార్చుకోమనండి. ఆ రోజుల్లో మన సాయంత్రం ఆరింటికి వాళ్లకు మధ్యాహ్నం ఒకటిన్నరే కాబట్టి ఇద్దరికీ కుదురుతుంది.

ఇప్పుడే దిగినవాళ్లకు ఒక సూచన. మొదటి రోజే తెల్లవారుజామున లేచి ఎండలో నడవడం మంచిదనుకుంటారు, కానీ అది ఎదురుతిరుగుతుంది. అప్పటికి శరీరానికి ఇంకా అర్ధరాత్రే. ఆ వేళ పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరపదు, ఇంకా వెనక్కి నెడుతుంది. మొదటి రెండు రోజులు తొమ్మిదిన్నర, పదకొండు మధ్య ఎండలో ఉండాలి. తర్వాత ఆ వేళను రోజుకో గంట చొప్పున తెల్లవారుజాము వైపు జరుపుకుంటూ రావాలి. పగటి కునుకు అరగంట దాటకూడదు. మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ, టీ వద్దు.

కడుపు సంగతి. ఐదారు నెలలు బ్రెడ్డు, పాస్తా, కారం లేని కూరలు తిన్న కడుపుకు వచ్చీరాగానే గోంగూర, ఆవకాయ, నాటుకోడి వడ్డిస్తే తట్టుకోలేదు. వారం రోజులు పెసరకట్టు, చారు, పెరుగన్నం, ఇడ్లీ పెట్టి, ఆ తర్వాత కారం కొంచెం కొంచెంగా పెంచండి. కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి. రెండు వారాలు పానీపూరీ, రోడ్డు పక్క చట్నీలు, ఐసు వేసిన రసాలు మానేయాలి. విరేచనాలైతే లీటరు నీళ్లకు సరిపడే ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసు నీళ్లలో సగం పొట్లం వేస్తే ఉప్పు మోతాదు మించి ప్రమాదం. జ్వరం వచ్చినా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో మందులతో సరిపెట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: అక్కడ అన్నీ నేనే చూసుకున్నాను. ఇక్కడ గేటు దాటితే ‘ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావు’ అని మూడు ప్రశ్నలు. స్నేహితులు నా మాటలు రెండు నిమిషాలు విని వేరే విషయంలోకి వెళ్లిపోతారు. మొదటి వారం సంతోషంగానే ఉన్నాను. ఇప్పుడు ఏడుపొస్తోంది. నాలో ఏదో లోపం ఉందా? (ఒక విద్యార్థిని, హనుమకొండ)

లోపం ఏమీ లేదు. పరాయి దేశంలో అలవాటు పడే క్రమాన్ని నార్వే పరిశోధకుడు స్వెర్రె లిస్‌గార్డ్ 1955లో వర్ణించాడు. మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆపై సర్దుబాటు. 1963లో గల్లాహోర్న్ దంపతులు ఇదే క్రమం సొంత ఊరికి తిరిగొచ్చాక మరోసారి నడుస్తుందని చూపారు. మొదటి వారం బాగుండి ఆ తర్వాత దిగులు పట్టడం అందుకే. రెండోసారి ఎక్కువ బాధించడానికి కారణం ఉంది. పరాయి ఊరు కొత్తగా ఉంటుందని ముందే అనుకుని వెళ్తాం, సొంత ఇల్లు కొత్తగా తోస్తుందని ఎవరూ అనుకోరు.

ఇంట్లో స్వేచ్ఛ గురించి మొత్తంగా వాదించకండి, గెలవలేరు. ఒక్కొక్కటిగా అడగండి. ముందు డబ్బు: నెలకు ఇంత అని తీసుకుని ఫోన్ రీఛార్జి, పెట్రోలు, పుస్తకాలు అందులోనే మీరు చూసుకోండి, లెక్క చూపించండి. ఒక నెల సాఫీగా జరిగాక సాయంత్రపు వేళల సంగతి ఎత్తండి. ‘అక్కడ ఎవరూ అడిగేవారు కాదు’ అన్న మాట నాన్నగారికి నింద లాగే వినిపిస్తుంది. ‘స్నేహితురాలితో లైబ్రరీకి వెళ్తున్నా నాన్నా, ఎనిమిదిన్నరకు వస్తాను, ఆలస్యమైతే ఏడున్నరకే ఫోన్ చేస్తాను’ అంటే ఆయన అడగబోయే మూడు ప్రశ్నలకూ జవాబు దొరికింది, నిర్ణయం మీ చేతిలోనే ఉంది. చెప్పిన సమయానికి రావడం మాత్రం తప్పకూడదు. ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటికి వస్తుంది.

అక్కడ రాత్రి పదింటికి ట్రామ్ దిగి ఒంటరిగా గదికి నడిచి వెళ్లిన అమ్మాయికి ఇక్కడ ఏడింటికే తోడు కావాలంటే మనసు నొచ్చుకుంటుంది. ఆ బాధ న్యాయమైనది, అణచుకోనక్కర్లేదు. అయితే ఆ స్వేచ్ఛలో సగం వీధి దీపాలు, వేళకు వచ్చే బండ్లు ఇచ్చినదే. ఇక్కడ వాటి కొరతకు అమ్మానాన్నల మీద కోపం తెచ్చుకుంటే ఇద్దరూ నలిగిపోతారు.

స్నేహితుల విషయం. వాళ్లు మీ ఆరు నెలల్లో లేరు, మీరు వాళ్ల ఆరు నెలల్లో లేరు. ముందు వాళ్ల కబుర్లు అడగండి. మీ కథ పూర్తిగా వినేవాళ్లు రెండు చోట్ల దొరుకుతారు: మీలాగే వెళ్లొచ్చినవాళ్లు, వచ్చే ఏడు వెళ్లబోయేవాళ్లు. కాలేజీలో అంతర్జాతీయ వ్యవహారాల విభాగానికి వెళ్లి, వెళ్లబోయే బృందానికి గది వెతకడం, వీసా కాగితాలు, అక్కడి పరీక్షల పద్ధతి వివరిస్తానని చెప్పండి. మీరు విసుగు తెప్పిస్తున్నారేమో అనుకున్న వివరాలన్నీ వాళ్లు రాసుకుంటారు.

దిగులు రెండు వారాలకు మించి రోజంతా వదలకపోతే, తిండి, నిద్ర చెడితే టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఇది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న: అక్కడ 2.0 గ్రేడు వచ్చింది. మా కాలేజీ పరీక్షల సెక్షన్‌లో ‘పదికి రెండేనా’ అంటున్నారు. ఇక్కడి సెమిస్టర్ మొదలై ఆరు వారాలైంది, హాజరు పోయింది. ఏం చేయాలి? (ఒక విద్యార్థి, కాకినాడ)

జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. 2.0 మంచి గ్రేడు. ఇతర దేశాల మార్కుల్ని జర్మన్ గ్రేడుగా మార్చడానికి వాడే బవేరియన్ సూత్రం ఇదీ: అత్యధిక మార్కు నుంచి వచ్చిన మార్కు తీసేసి, ఆ శేషాన్ని అత్యధికానికీ పాస్ మార్కుకూ మధ్య ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పది పాయింట్ల పద్ధతిలో పాస్ 4 అయితే, లెక్క వెనక్కి కట్టినప్పుడు 2.0కు సరిగ్గా 8 వస్తుంది. ఈ లెక్కను కాగితం మీద వేసి, అక్కడి యూనివర్సిటీ ఇచ్చే గ్రేడ్ల వివరణ పత్రాన్ని జతచేసి అర్జీ పెట్టండి. నోటిమాటగా చెబితే ఫైలు కదలదు.

క్రెడిట్ల విషయంలో యూరప్‌లో సెమిస్టర్‌కు 30, మన జాతీయ క్రెడిట్ విధానంలో సెమిస్టర్‌కు 20. ఆ దామాషాలో అక్కడి 6 క్రెడిట్ల సబ్జెక్టు ఇక్కడ 4కు సమానం. ఎక్కువగా చిక్కు వచ్చేది లర్నింగ్ అగ్రిమెంట్, అంటే అక్కడ ఏ సబ్జెక్టులు చదవాలో ముందే రాసుకున్న ఒప్పందం, దగ్గర. అక్కడికి వెళ్లాక ఒక సబ్జెక్టు దొరక్క ఇంకొకటి తీసుకుని ఉంటే, ఆ మార్పు మీద రెండు కాలేజీల సంతకాలూ ఉండాలి. లేకపోతే ఇప్పుడే ఈమెయిల్‌లో తెప్పించండి. ఫలితాలు ఆలస్యంగా రావడం అక్కడ మామూలే. పరీక్ష రాసినట్టు ధ్రువపత్రం తెచ్చి ఈలోగా దాంతో నెట్టుకురావాలి.

హాజరు మాత్రం అత్యవసరం. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో 75 శాతం కావాలి, మినహాయింపు 65 దాకానే. పదహారు వారాల సెమిస్టర్‌లో ఆరు వారాలు పోతే మిగతా రోజులన్నీ వెళ్లినా మీకు వచ్చేది 62.5 శాతం. అంటే మామూలు మినహాయింపు కూడా చాలదు. మిమ్మల్ని పంపింది కాలేజీయే కాబట్టి ఆ రోజుల్ని ఆన్‌డ్యూటీగా లెక్కించాలని శాఖాధిపతి ద్వారా ప్రిన్సిపాల్‌గారికి అర్జీ ఇవ్వండి. బోర్డింగ్ పాస్, అక్కడి పరీక్షల షెడ్యూలు జతచేయండి. సెమిస్టర్ చివరిదాకా ఆగితే హాజరు జాబితా యూనివర్సిటీకి వెళ్లిపోతుంది.

ప్రశ్న: వచ్చేశాను గానీ అక్కడి అద్దె డిపాజిట్, బ్యాంకు ఖాతా అలాగే ఉన్నాయి. ఇక్కడ పాత సిమ్ పనిచేయడం లేదు. (ఒక విద్యార్థి, కూకట్‌పల్లి)

అక్కడి నివాస నమోదు రద్దు, అంటే అబ్‌మెల్డుంగ్, చేయించారా? గది ఖాళీ చేసిన రెండు వారాల్లోపు చేయాలి. చేయకుండా వచ్చేస్తే వెంటనే ఆ ఊరి కార్యాలయానికి రాయండి. చాలా నగరాలు పోస్టులో తీసుకుంటాయి. ఆ ధ్రువపత్రం ఉంటేనే మిగతావన్నీ తేలిగ్గా రద్దవుతాయి: ఆరోగ్య బీమా, ఫోన్ ఒప్పందం, ఇంటికి నెలకు 18.36 యూరోల టీవీ, రేడియో ప్రసార రుసుము. ఈ రుసుమును విడిగా రద్దు చేయమని రాయాలి, లేకపోతే బిల్లులు పాత చిరునామాకు వెళ్తూనే ఉంటాయి.

డిపాజిట్ చేతికి వచ్చేదాకా ఆ బ్యాంకు ఖాతా మూయకండి. గది వేడి చేయడానికి, నీటికి అయిన ఖర్చుల లెక్క తేల్చడానికి ఇంటి యజమాని కొన్ని నెలలు తీసుకోవచ్చు. విదేశీ ఖాతా ఉన్న సంవత్సరానికి మీరు ఇక్కడ పన్ను లెక్కల్లో మామూలు నివాసి కిందే వస్తే, ఆదాయం లేకపోయినా రిటర్న్ వేసి విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో దాన్ని చూపాలి. మామూలుగా వాడే ఐటీఆర్-1 ఫారం దీనికి పనికిరాదు. విద్యార్థులు దాదాపుగా మరిచిపోయేది ఇదే, ఆడిటరుతో ఒకసారి మాట్లాడండి. చేతిలో ఉన్న విదేశీ నోట్లు 2,000 డాలర్ల విలువ మించితే, మించిన మొత్తాన్ని 180 రోజుల్లో మార్చుకోవాలి. నాణేలకు పరిమితి లేదు, కానీ వాటిని మార్చేవాళ్లు అరుదు.

ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులు వాడకపోతే కంపెనీ రద్దు చేయవచ్చు. ముందుగా ఆ కంపెనీ దుకాణానికి వెళ్లి అదే నంబరు తిరిగి ఇవ్వగలరేమో అడగండి. వేరేవాళ్లకు వెళ్లిపోయి ఉంటే అదే రోజు బ్యాంకు శాఖకు వెళ్లి పాత నంబరు తీయించండి, ఆ తర్వాత ఆధార్ కేంద్రంలో కొత్త నంబరు నమోదు చేయించండి. బ్యాంకు ముందు ఎందుకంటే, మీ ఓటీపీలు ఇప్పుడు ఎవరికో వెళ్తున్నాయి.

ప్రశ్న: కష్టపడి నేర్చుకున్న జర్మన్ పోకుండా ఎలా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

ముందు పోయేది మాట్లాడే వేగం. చదివి అర్థం చేసుకోవడం చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి పుస్తకం కంటే నోటికి పని పెట్టండి. జర్మనీ ప్రసార సంస్థ డాయ్‌చె వెల్లె నెమ్మదిగా చదివే వార్తల్ని ఉచితంగా పెడుతుంది. రోజూ ఒక వార్త విని, ఆపి, గట్టిగా తిరిగి చెప్పండి, పావుగంట చాలు. వారానికోసారి అక్కడి స్నేహితురాలితో ఫోన్‌లో జర్మన్‌లోనే మాట్లాడాలని నియమం పెట్టుకోండి. హైదరాబాద్‌కు మారే వీలుంటే గోథే సెంట్రమ్‌లో గానీ దోమలగూడ రామకృష్ణ మఠం భాషా విభాగంలో గానీ చేరవచ్చు. చేరేటప్పుడు స్థాయి పరీక్ష రాసి, మీ అసలు స్థాయిలోనే కూర్చోండి. ‘కొంచెం మరిచిపోయాను’ అని ఒక మెట్టు కింద చేరితే నెల తిరగకుండానే విసుగొచ్చి మానేస్తారు.