ఖాళీ గడికి కారణం ఏమిటి?

ప్రశ్న: నేను విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చేపల వ్యాపారి వద్ద లెక్కలు రాస్తున్నాను. రోజూ మరపడవల నుంచి దిగిన వంజరం ఎన్ని కిలోలో ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. ఇటీవల ఆర్ అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ, ఏడాది ఫైలును సీఎస్‌వీగా (విలువల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలుగా) మార్చి సగటు అడిగితే ‘ఎన్ఏ’ అని వస్తోంది. ‘ఎన్ఏ.ఆర్ఎం = ట్రూ’ అని చేర్చినా మార్పు లేదు. ఎక్సెల్ మాత్రం సగటు చూపిస్తోంది. లోపం ఎక్కడుంది? డబ్బు కట్టి శాస్ అనే మరో గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మేలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: శాస్ తప్పనిసరిగా అడిగే ఉద్యోగానికి ప్రయత్నిస్తుంటే తప్ప దానికి డబ్బు కట్టనవసరం లేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990లలో రూపొందించిన ఆర్ పూర్తిగా ఉచితం. మీ పనికి అది చాలు.

ఇక ఎన్ఏ సంగతి. ‘విలువ లేదు’ అనడానికి ఆర్ వాడే గుర్తు అది. మీరు చేర్చిన ఆదేశం నమోదు కాని విలువలను పక్కనపెట్టి లెక్కించమని చెబుతుంది. అయినా ఎన్ఏ వచ్చిందంటే ఆ నిలువు వరుసను ఆర్ అసలు సంఖ్యలుగానే చదవలేదన్నమాట. కిలోల గడుల్లో ఎక్కడో మీరు ‘సెలవు’ అనో ‘వేట లేదు’ అనో రాసి ఉంటారు. అలాంటి గడి ఒక్కటున్నా ఆర్ వరుస మొత్తాన్నీ అక్షరాలుగా తీసుకుంటుంది, అక్షరాలకు సగటు ఉండదు కనుక ఎన్ఏ ఇచ్చి కింద ఒక హెచ్చరిక కూడా చూపుతుంది. (ఆ హెచ్చరికను చదవకుండా దాటేయడం కొత్తలో అందరూ చేసే పనే.) ‘ఎస్‌టీఆర్’ ఆదేశం (ఏ వరుసను ఎలా చదివిందో చూపేది) ఇచ్చి చూడండి, ఆ వరుస పేరు పక్కన ‘సీహెచ్ఆర్’ (అక్షరాలు) అని కనిపిస్తుంది. ఎక్సెల్ సగటు సూత్రమైతే అక్షరాలున్న గడులను మాటమాత్రం చెప్పకుండా వదిలేస్తుంది, అందుకే మీకు అంకె వచ్చింది.

ఆ అంకెను మాత్రం నేను నమ్మను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఆ రోజుల్లో దిగిన సరుకు సున్నా అని మనకు తెలుసు. మీరు సెలవు పెట్టిన రోజున ఎంత దిగిందో తెలియదు. మొదటిది తెలిసిన సున్నా, రెండోది తెలియని విలువ. ఎక్సెల్ రెండింటినీ ఒకే గాటన కట్టింది. ఉదాహరణకు, మిగిలిన 304 రోజులూ సగటున 100 కిలోలు దిగాయనుకుంటే, నిషేధపు రోజులను సున్నాలుగా కలిపితే ఏడాది సగటు 83 కిలోలకు దిగుతుంది. వేట సాగే రోజుల్లో ఐస్ ఎంత తెప్పించాలో తేల్చడానికి 100 కావాలి, ఏడాది రాబడిని రోజుకింత అని చెప్పడానికి 83 కావాలి. ఏది కావాలో యజమానిని అడిగాకే ఆదేశం రాయండి.

కిలోల వరుసలో అంకెలే ఉంచి, కారణానికి పక్కన మరో వరుస పెట్టండి. పాత ఫైలును ‘యాజ్.న్యూమరిక్’తో సంఖ్యలుగా మార్చేముందు ‘1,250’ వంటి అంకెల్లోని కామాలను ‘జీసబ్’ అనే మార్పిడి ఆదేశంతో తీసేయండి, లేకపోతే బాగా సరుకు దిగిన రోజులే ఎన్ఏలుగా మారి మాయమవుతాయి. మార్చాక ఎన్ఏలెన్నో లెక్కపెట్టండి. ఖాళీగా వదిలినవీ, మాటలు రాసినవీ కలిపిన గడుల కన్నా అవి ఒక్కటి ఎక్కువున్నా, ఎక్కడో ఒక కామా మిగిలిపోయిందేమో వెతకండి.