వరి ఊళ్లో పుట్టి గోధుమ చదువు ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది. ఎమ్మెస్సీలో గోధుమ రకాల మీద పని చేస్తానంటోంది. మాది తెనాలి దగ్గర పల్లె, చుట్టూ వరే. మన దగ్గర పండని పంట చదివితే ఉద్యోగం ఎవరిస్తారని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: పట్టా మీద గోధుమ అని రాయరండీ, ‘జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్’ అని రాస్తారు, అంటే కొత్త పంట రకాలు తయారుచేసే చదువు. గోధుమ అమ్మాయి థీసిస్‌కు తీసుకునే పంట, అంతే. అసలు నేర్చుకునేది ఒక చోట విరగపండిన రకం ఇంకో చోట ఎందుకు చతికిలబడుతుందన్నది. అది నేర్చుకోవడానికి గోధుమ చాలా మంచి పంట.

యూరప్‌లో చలికి ముందు విత్తే రకాలకు కొన్ని వారాల పాటు గట్టి చలి తగిలితే గానీ వెన్ను రాదు. వాటిని తెచ్చి తెనాలిలో చల్లితే ఉత్త గడ్డిలా ఉండిపోతాయి. ఆస్ట్రేలియాలో ఇంకో తంటా. తొందరగా పూస్తే మంచు కాటేస్తుంది, ఆలస్యమైతే ఎండా బెట్టా కలిసి గింజను నొక్కేస్తాయి. ఆ మధ్యనున్న కొద్ది రోజుల్లో పూత వచ్చేలా చూడటం అక్కడి బ్రీడర్లకు పెద్ద పని.

మెక్సికోలో గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ చేసింది మరీ ఆసక్తికరం. ఏడాదికి రెండు పంటలు తీస్తే కొత్త రకం త్వరగా తేలుతుందని, చలికాలం సొనోరా మైదానంలో, వేసవిలో సుమారు 2,600 మీటర్ల ఎత్తున్న తొలూకాలో అదే విత్తనాన్ని మార్చి మార్చి వేశారు. ఆయన చూసుకున్నది టైమ్ కలిసిరావడం. కానీ రెండు చోట్లా పగటి నిడివి వేరు కాబట్టి, దాన్ని లెక్కచేయని మొక్కలే వడపోతలో నిలిచాయి. అందుకే ఆ రకాలు పంజాబ్ పొలాల్లోనూ కుదురుకున్నాయి. 1966లో మన దేశం 18,000 టన్నుల విత్తనం అక్కడి నుంచి తెప్పించుకుంది.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. గోధుమ తన పుప్పొడితోనే గింజ కడుతుంది. రైతు తన గింజనే మళ్లీ విత్తుకోవచ్చు. అందుకే హైదరాబాద్ సీడ్ కంపెనీల పెట్టుబడి ఎక్కువగా మొక్కజొన్న, పత్తి, కూరగాయల వైపే పోతుంది. గోధుమ ఉద్యోగాలు ఎక్కువగా ప్రభుత్వ రంగంలోనే: కర్నాల్ గోధుమ పరిశోధన సంస్థ, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్ఐ), ఉత్తరాది వ్యవసాయ విశ్వవిద్యాలయాలు. వాటికి పీహెచ్‌డీ దాకా వెళ్లక తప్పదు. అయితే పది చోట్ల వేసిన ట్రయల్ డేటా చూసి ఏ రకం ఎక్కడికి పనికొస్తుందో తేల్చగలిగిన మనిషిని మొక్కజొన్న కంపెనీ కూడా తీసుకుంటుంది. అలాంటి డేటా లెక్కలకు వాడే ‘ఆర్’ (R) సాఫ్ట్‌వేర్ ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి.

పని ఎలా ఉంటుందో కూడా అమ్మాయికి తెలియాలి. రెండు రకాలను కలపాలంటే పొలంలో వంగి నిలబడి, చిన్న పట్టకారుతో ఒక్కో పువ్వు విప్పి, అందులోని మూడు పుప్పొడి తిత్తులనూ పగలకముందే తీసేసి, వెన్నుకు బటర్ పేపర్ సంచి తొడగాలి. ఇలా వందల పువ్వులు. ఏసీ గది ఉద్యోగం అనుకుంటే ఇప్పుడే మానుకోవడం మేలు.

లూధియానా, హిసార్, ఢిల్లీల్లో సీటు కావాలంటే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. మంచి ర్యాంకు వస్తే ఫెలోషిప్ కూడా ఉంటుంది. చలీ, హిందీ రెండూ మొదటి ఏడాది ఇబ్బంది పెడతాయి. ర్యాంకు అందకపోతే బాపట్లలోనే ఇదే సబ్జెక్టు వరి మీద చేయవచ్చు. పీహెచ్‌డీలో గోధుమకు మారడానికి అదేమీ అడ్డు కాదు.