గుహచేపకు నల్లగుడ్డ కప్పాలా?

కొత్తగా తెచ్చిన గుడ్డి గుహచేపలు గాజుకి గుద్దుకుంటున్నాయని, వెలుతురు వాటికి సరిపడట్లేదేమోనని తొట్టికి నల్లగుడ్డ కప్పానని రాశారు కదా. ముందు ఆ గుడ్డ తీసేయండి. కళ్ళే లేనిదానికి లైటు ఉంటే ఎంత, లేకపోతే ఎంత! గుడ్డ కప్పితే దాన్ని చూడలేకపోయేది మీరే.

ఇవి మెక్సికో గుహల చేపలు. 1936లో మొదటిసారి వీటి గురించి శాస్త్రీయంగా రాశారు. వింతేమిటంటే పిండంలో వీటికి కళ్ళు మొదలవుతాయి, తర్వాత లోపలి కటకం (లెన్స్) చచ్చిపోయి కన్ను కుంచించుకుపోతుంది, పైన చర్మం కప్పేస్తుంది. బయటి నదుల్లో ఉండే ఇదే జాతి చేప పిండం నుంచి కటకం తీసి గుహచేప పిండంలో పెడితే కన్ను మళ్ళీ పెరిగింది, 2000లో ఈ ప్రయోగం చేశారు.

ఇక మీ సమస్య. ఇవి తలమీద, ఒంటి పక్కల ఉండే పార్శ్వరేఖ అనే జ్ఞానాంగంతో నీటి కదలికను పసిగట్టి దారి పోల్చుకుంటాయి. కొత్త తొట్టిలో గోడల వెంబడి చుట్లు కొడుతూ తెలుసుకునేది అదే. మా ఇంట్లోవి కూడా మొదట్లో కాస్త గుద్దుకున్నాయి, తర్వాత రాయికి వెంట్రుకవాసిలో తప్పుకుని పోయేవి. ఒకసారి శుభ్రం చేసి రాళ్ళు అటూఇటూ మార్చా, కథ మళ్ళీ మొదటికొచ్చింది! కాబట్టి అమరిక మార్చకండి, పదునైన రాళ్ళు తీసేయండి. మేత కొంచెమే వేయండి, ఎంత వేసినా తింటాయి. పొడుగు రెక్కల చేపల్ని మాత్రం జత చేయొద్దు, కొరికేస్తాయి.