మార్తా క్యానన్ ఎన్నికల్లో భర్తను ఓడించారా?

అమెరికా తొలి మహిళా సెనేటర్ ఒక డాక్టరమ్మ అనీ, ఆవిడ ఎన్నికల్లో సొంత భర్తనే ఓడించారనీ విన్నాను, నిజమేనా అని అడిగారు. సగం నిజం.

ఆవిడ డాక్టర్ మార్తా హ్యూస్ క్యానన్. గెలిచింది యూటా రాష్ట్ర సెనేట్‌కి. రాష్ట్ర సెనేటర్లలో తొలి మహిళ ఆవిడే. వాషింగ్టన్‌లో ఉండే జాతీయ సెనేట్‌లో మొదటి మహిళ జార్జియాకు చెందిన రెబెకా ఫెల్టన్, అది 1922 మాట. రాష్ట్ర సెనేట్ అంటే మన శాసనమండలి లాంటి పై సభే గానీ, సభ్యుల్ని జనమే నేరుగా ఎన్నుకుంటారు.

ఇక భర్త సంగతి. 1896 నవంబరులో సాల్ట్ లేక్ కౌంటీలో ఐదు సీట్లకీ కలిపి ఒకటే ఎన్నిక. ఎక్కువ ఓట్లు వచ్చిన ఐదుగురూ నెగ్గినట్టు. మార్తా డెమోక్రాట్, భర్త ఆంగస్ క్యానన్ రిపబ్లికన్. ఐదు సీట్లూ డెమోక్రాట్లే ఊడ్చేశారు. ఆంగస్ ఓడిన మాట నిజమే గానీ, అది ముఖాముఖి పోటీ కాదు. రిపబ్లికన్ల వైపు ఓడినవాళ్లలో ఎమ్మెలీన్ వెల్స్ అనే మహిళ కూడా ఉన్నారు, కానీ ఆ పేరు ఎవరికి పట్టింది!

నన్నడిగితే ఎన్నిక కన్నా అంతకుముందు జరిగిందే ఆసక్తికరం. మార్తా 1880లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా తీసుకుని, 1884లో ఆంగస్‌కి నాలుగో భార్య అయ్యారు. వాళ్లది మోర్మన్ చర్చి, అప్పట్లో బహుభార్యత్వాన్ని ఒప్పుకునే క్రైస్తవ శాఖ. కానీ అది ఫెడరల్ చట్టం కింద నేరం. పైగా ఆవిడ పురుళ్లు పోసే డాక్టరు. కోర్టుకి పిలిస్తే ఏ ఇంట్లో ఎవరికి బిడ్డ పుట్టిందో చెప్పాలి, చెబితే తండ్రి జైలుకి. అందుకే 1886లో చంటిబిడ్డను తీసుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయి, రెండేళ్లకు గానీ తిరిగి రాలేదు.

సభలో మాత్రం డాక్టరుగానే పనిచేశారు. రోజంతా నిలబడే షాపు అమ్మాయిలకి కూర్చునే ఏర్పాటు యజమానే చేయాలన్న చట్టం, చెవిటి, మూగ, అంధ పిల్లలకి నిర్బంధ విద్య, రాష్ట్ర ఆరోగ్య మండలి, ఇవన్నీ ఆవిడ చొరవే.

1899లో, పదవిలో ఉండగానే, మూడో బిడ్డ పుట్టింది. కొత్త బహుభార్యా వివాహాలు ఆపేస్తున్నామని మోర్మన్ చర్చి 1890లోనే ప్రకటించి ఉండటంతో పెద్ద దుమారం రేగింది. మళ్లీ పోటీ చేయలేదు.